ఇంట్లో బీరు: సీసాలో పోసే ముందు ఒకసారి ఆగి చూడండి

ఈరోజు విషయం వినగానే కొంతమంది మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. ఇంట్లో బీరు తయారు చేసుకోవడం. అమెరికాలో దీన్ని హోమ్ బ్రూయింగ్ అంటారు. శని ఆదివారాలు చెక్కపని చేసుకునేవాళ్ళు, కూరగాయలు పెంచుకునేవాళ్ళు ఉన్నట్టే గరాజ్‌లో బీరు పులియబెట్టుకునేవాళ్ళూ ఉంటారు. అందులో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, నేను కూడా ఉన్నాను. ఇండియాకి ఫోన్ చేసి ఈ మాట చెబితే అవతలినుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "ఏంట్రా, సారా కాస్తున్నావా?"

కాబట్టి ముందు ఆ సందేహం తీర్చేసి ముందుకు వెళ్దాం. సారా కాయడం అంటే పులిసినదాన్ని పొయ్యిమీద పెట్టి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి చుక్కలుగా దించడం. అదే బట్టీ. బీరులో ఆవిరి పట్టే పనే లేదు. పొయ్యిమీద ఒక గంట మరిగిస్తాం, నిజమే, కానీ అది పులియకముందు. అప్పటికి గిన్నెలో ఉన్నది తియ్యటి గింజల రసం, అందులో ఆల్కహాలు ఒక్క చుక్క కూడా ఉండదు. ఇంకో భయం, "కళ్ళు పోతాయేమో" అని. మన పేపర్లలో చదివే కల్తీ సారా చావులు ఎక్కువగా ఎవడో ఫ్యాక్టరీల్లో వాడే మిథనాల్ తెచ్చి కలపడం వల్ల జరిగినవి. బార్లీ పులిస్తే ప్రమాదం అనిపించేంత మిథనాల్ పుట్టదు. అయితే ఇంటి బీరులో ప్రమాదాలే లేవా అంటే, ఉన్నాయి. రెండున్నాయి. నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నదే వాటికోసం. మిగతా తయారీ అంతా ఇంటర్నెట్‌లో వెయ్యిమంది చెప్పారు, నేను త్వరగా చెప్పేస్తాను.

చట్టం సంగతి కూడా ఇక్కడే. అమెరికాలో ఇది ఎప్పటినుంచో ఉన్న స్వేచ్ఛ అనుకుంటారు చాలామంది. కాదు. 1933లో మద్యనిషేధం ఎత్తేసినా ఇంటి బీరుకి ఫెడరల్ అనుమతి రాలేదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో వచ్చింది, 1979 ఫిబ్రవరినుంచి అమలైంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. ఆఖరిగా ఒప్పుకున్న రాష్ట్రాలు అలబామా, మిసిసిపీ, అది కూడా 2013లో. ఈ అనుమతి బట్టీ పెట్టి ఆవిరి పట్టడానికి వర్తించదు, అది వేరే చట్టం, వేరే శిక్షలు. ఆ పక్కకి వెళ్ళకండి.

సరే, తయారీ. మీరు చిన్నపిల్లలకి రాగి మాల్ట్ చేసిన ఇంట్లో పుట్టినవాళ్ళైతే సగం మీకు వచ్చినట్టే. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తారు కదా. ఆ పిండితో కాచిన జావ మామూలు రాగిజావ కన్నా పల్చగా ఉంటుంది, కాస్త తీపిగా కూడా ఉంటుంది. ఎందుకు? గింజ మొలకెత్తేటప్పుడు లోపలున్న పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు పుడతాయి. బార్లీ మాల్ట్ కూడా అంతే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా మరపట్టి 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే, పిండి చక్కెరగా మారుతుంది. మొదట్లో రుచి చూడండి, గంజిలా ఉంటుంది. గంట తర్వాత చూడండి, పాకంలా ఉంటుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఆ గంటే. 65 దగ్గర ఉంచితే ఈస్టు తినగలిగే చక్కెర ఎక్కువ వస్తుంది, బీరు పల్చగా, తీపి లేకుండా తయారవుతుంది. 68 దగ్గర ఉంచితే ఈస్టుకి అరగని చక్కెర కొంత మిగులుతుంది, బీరు చిక్కగా ఉంటుంది. మూడు డిగ్రీల తేడా నాలుకకి తెలుస్తుందండి.

మామూలుగా ఇక్కడ ఒక విడతకి 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు చేస్తారు. దానికి నాలుగున్నర కిలోల మాల్ట్ పడుతుంది. ఇదంతా ఎందుకనుకునేవాళ్ళకి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ దొరుకుతుంది, తేనెలా చిక్కగా డబ్బాలో వస్తుంది. మొదటి రెండుసార్లూ దానితోనే చేయండి, తప్పేమీ లేదు.

వడకట్టిన రసాన్ని మరిగించేటప్పుడు హాప్స్ వేస్తారు. అది ఒక తీగమొక్క పువ్వు, చూడటానికి చిన్న పచ్చ శంకువులా ఉంటుంది. మొదట్లో వేస్తే చేదు, చివర్లో వేస్తే వాసన. కానీ హాప్స్ చేసే ఇంకో పని ఉంది. పాలని పెరుగు చేసే రకం బాక్టీరియాని అది చాలావరకు అణిచి ఉంచుతుంది. మన కల్లుతో పోల్చి చూడండి. చెట్టు మీద లొట్టిలో పడుతున్నప్పుడే గాలిలోని, లొట్టిలోని ఈస్టూ బాక్టీరియా కలిసి పని మొదలుపెడతాయి. పొద్దున్న దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పొంగుతుంది, సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. దాన్ని ఆపే హాప్స్ అందులో లేవు. పులియని నీరా కావాలంటే గీత కార్మికులు కుండ లోపల సున్నం రాస్తారు. సున్నం, హాప్స్, రెండూ చేసేది ఒకే తరహా పని, ఎవరి ఊళ్ళో ఏది దొరికితే అది.

మరిగించాక వీలైనంత త్వరగా 20 డిగ్రీలకి చల్లార్చాలి. ఇక్కడినుంచి ఆ రసాన్ని తాకే ప్రతి వస్తువూ, గరిటె, గొట్టం, బకెట్టు, మూత, మీ చెయ్యి, క్రిములు లేకుండా ఉండాలి. సబ్బుతో కడగడం ఒక పని, క్రిములు లేకుండా చేయడం రెండో పని, మొదటిది చేయకుండా రెండోది చేస్తే ఉపయోగం లేదు. మురికి పట్టిన గొట్టానికి ఎంత మందు పోసినా మురికి కిందున్న బాక్టీరియాకి తగలదు. స్టార్ శాన్ లాంటివి కలిపిన నీళ్ళలో ముంచి, మళ్ళీ కడగకుండా అలాగే వాడొచ్చు. నురగ ఉంటే ఉండనివ్వండి.

తర్వాత ఈస్టు. ఒక చిన్న ప్యాకెట్, 11 గ్రాములు. అది పడ్డాక బీరు చేసేది ఈస్టే, మనం కాదు. మనం చేయగలిగిందల్లా దానికి ఒక మంచి గది ఇవ్వడమే. ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇదే. పులుస్తున్నప్పుడు వేడి పుడుతుంది. గది 24 డిగ్రీలుంటే బకెట్టు లోపల 27, 28 ఉండొచ్చు. మామూలు ఏల్ ఈస్టుకి 18 నుంచి 20 హాయి. 28లో అది పరుగులు పెట్టి, ఘాటైన పెద్ద ఆల్కహాళ్ళు పుట్టిస్తుంది, ఆ బీరు గొంతులో మండుతుంది. ఫ్రిజ్ లేకపోతే బకెట్టుని నీళ్ళ తొట్టిలో పెట్టి, పైన పాత టీషర్టు తొడిగి, దాని అంచు నీళ్ళలో ఉండేలా చూసి, ఫ్యాన్ పెట్టండి. మన కూజాకి తడిగుడ్డ చుట్టినట్టే. మూడు నాలుగు డిగ్రీలు సులభంగా తగ్గుతుంది. టెక్సస్, అరిజోనా గరాజ్‌లలో ఉన్నవాళ్ళకి ఇంకో దారి, క్వైక్ అనే ఈస్టు. నార్వే పల్లెటూళ్ళ రైతులు తరతరాలుగా ఇళ్ళలో దాచుకుంటూ వచ్చింది. ఆ చలిదేశంలో పుట్టి 35 డిగ్రీల పైన కూడా శుభ్రంగా పనిచేస్తుంది, విచిత్రంగా.

ఇప్పుడు మొదటి ప్రమాదం దగ్గరికొచ్చాం. సీసాలు.

[చేతిలో హైడ్రోమీటర్ చూపిస్తూ] ఇది గాజు తేలుడు గొట్టం, ఖరీదు పెద్దగా ఏమీ ఉండదు. ద్రవంలో చక్కెర ఎంత ఉంటే అంత పైకి తేలుతుంది. నీళ్ళలో 1.000 చూపిస్తుంది. ఈస్టు వేయకముందు మన రసం 1.050 దగ్గరుంటుంది అనుకుందాం. ఈస్టు చక్కెర తింటూపోతుంటే కిందకి దిగి 1.012 దగ్గరో, 1.010 దగ్గరో ఆగుతుంది. కొత్తవాళ్ళు ఇది చూడరు. బకెట్టు మూతమీదున్న ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోయాయా లేదా అని చూస్తారు. బుడగలు ఆగడానికి మూత సరిగ్గా బిగుసుకోకపోవడం చాలు. రాత్రి చలికి ఈస్టు నిద్రపోవడం కూడా చాలు.

ఒక లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. గ్రావిటీ ఒక పాయింటు, అంటే 0.001 తగ్గితే, మూసిన సీసాలో సుమారు అర వాల్యూము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఒక లీటరు బీరులో ఒక లీటరు గ్యాసు కరిగుంటే దాన్ని ఒక వాల్యూము అంటారు. మామూలు బీరులో రెండున్నర వాల్యూములు ఉంటాయి. పులియడం అయిపోయిన బీరులో ముందే సుమారు 0.8 ఉంటుంది. మిగతాది రావడానికి సీసాలో పోసే ముందు 19 లీటర్లకి 120 గ్రాముల చక్కెర వేస్తాం. అంతవరకు బాగానే ఉంది. రెండున్నర వాల్యూముల బీరు 20 డిగ్రీల దగ్గర సీసా గోడల మీద చూపించే ఒత్తిడి 28 పీఎస్ఐ దాకా ఉంటుంది. మీ కారు టైరులో 32 ఉంటుంది చూడండి. అంటే ఏ గొడవా లేని బీరు సీసాలోనే దాదాపు కారు టైరంత ఒత్తిడి.

ఇప్పుడు ఒకాయన తొందరపడ్డాడనుకోండి. బీరు 1.012 దాకా దిగాల్సింది, 1.020 దగ్గర నిద్రపోతోంది. బుడగలు లేవు, అయిపోయిందనుకుని చక్కెర వేసి సీసాల్లో పోసి మూతలు బిగించాడు. ఆ సీసాలు వెచ్చటి గదిలో పెట్టగానే ఈస్టు లేచింది. మిగిలిన 8 పాయింట్లు తింటుంది. 8 పాయింట్లంటే 4 వాల్యూములు. ముందున్న రెండున్నరతో కలిపితే ఆరున్నర. ఒత్తిడి కారు టైరుకి మూడింతలు. ఆ సీసా దానికోసం చేసింది కాదు. పగులుతుంది. ఒకటి పగిలితే దాని ముక్కలు పక్కవాటిని పగలగొడతాయి. హోమ్ బ్రూయర్లు వీటిని బాటిల్ బాంబులంటారు, అది వేళాకోళానికి పెట్టిన పేరు కాదు. గాజు ముక్క అరచేతిలో నరం తెగ్గొట్టొచ్చు, కంట్లో పడొచ్చు. 50 సీసాలు మెట్లకింద, పిల్లలు ఆడుకునే చోట ఉన్నాయనుకోండి.

అందుకని, మూడు రోజుల ఎడంలో రెండుసార్లు గ్రావిటీ చూడండి. రెండూ ఒకటే అంకె రావాలి, ఆ అంకె కూడా మీ రెసిపీ చెప్పిన చోటికి దగ్గరగా ఉండాలి. 1.020 దగ్గరే రెండుసార్లు ఆగితే అది అయిపోయినట్టు కాదు, ఇరుక్కున్నట్టు. బకెట్టుని రెండు డిగ్రీలు వెచ్చబెట్టి, మెల్లగా తిప్పి, ఇంకో వారం ఆగండి. వారం ఆగితే బీరుకి పోయేదేమీ లేదు. ప్రైమింగ్ చక్కెర చెంచాతో ఒక్కో సీసాలో వేయకండి. మొత్తం తూచి, కాసిని నీళ్ళలో కాచి, బీరంతటిలో కలపండి. మలుపు మూత ఉండే పల్చటి సీసాలు, అలంకారానికి అమ్మే గాజు సీసాలు వాడకండి. ఒక చిట్కా, ఒక్క సీసా ప్లాస్టిక్‌ది, సోడా తాగేసింది, పెట్టుకోండి. అదే రోజు అదే బీరు పోయండి. రోజూ నొక్కి చూడండి. గట్టిపడ్డాక ఇంకా ఇంకా రాయిలా అవుతుంటే మిగతావాటి లోపల కూడా అదే జరుగుతున్నట్టు. అప్పుడు మిగతా సీసాలని ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికి ఈస్టు ఆగుతుంది, గ్యాసు బీరులో కరుగుతుంది. పెట్టేటప్పుడు మందపాటి చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఉండాలి, పెట్టెమీద దుప్పటి కప్పాలి. హైదరాబాదులో ఇప్పుడు చాలా ఇళ్ళలో కొంబూచా చేస్తున్నారు, మూత బిగించి రెండోసారి పులియబెడుతున్నారు. మీకు కూడా ఈ లెక్కే వర్తిస్తుంది, అందులో ఆల్కహాలు తక్కువైనా గ్యాసు తక్కువ కాదు.

రెండో ప్రమాదం సీసా తెరిచాక మొదలవుతుంది. ఇంటి బీరు సీసా మీద చీటీ ఉండదు. కొన్న బీరు మీద 5 శాతమో 8 శాతమో రాసుంటుంది. మన దానిమీద ఏమీ ఉండదు, బ్రౌన్ సీసా, బోడి మూత. శనివారం పాట్‌లక్‌కి మీరొక పెట్టె తీసుకెళ్తారు. "మా ఇంట్లో చేసిందండీ, రసాయనాలేమీ లేవు" అంటారు. ఆ మాట వినగానే తాగేవాళ్ళకి ఒక ధైర్యం వస్తుంది, ఇదేదో పళ్ళరసం లాంటిదని. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాలు, అంటే 5 శాతం బీరు ఒక చిన్న సీసా, 355 మిల్లీలీటర్లు. మీరు చేసింది 8 శాతం, సీసా అర లీటరు అనుకోండి. అందులో 31 గ్రాములుంటాయి. రెండు డ్రింకుల పైనే. "ఒక్కటే తాగాను" అన్నవాడు రెండు దాటేశాడు, రెండు తాగినవాడు నాలుగు దాటేశాడు, ఆ సంగతి వాడికి తెలియదు. కారు తాళాలు జేబులో ఉన్నాయి.

వీసా మీద ఉన్న పిల్లలకి ఇది ఇంకా గట్టిగా చెబుతాను. తాగి కారు నడిపావని అరెస్టు చేస్తే చాలు, కేసు తేలకముందే స్టేట్ డిపార్ట్‌మెంటు వీసా రద్దు చేయొచ్చు. చాలా రాష్ట్రాల్లో హద్దు రక్తంలో 0.08, యూటాలో 0.05. ఇంటి బీరు అని పోలీసుకి చెప్పినా ఊదే యంత్రానికి తెలియదు. అన్నిటికంటే ముందు రోడ్డు మీద ఎదురుగా వచ్చే కారులో ఎవరున్నారో మనకి తెలియదు.

దీనికి మనం చేయగలిగింది చాలా చిన్నది. ఆ హైడ్రోమీటరే. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో గుణించండి. 1.050లోంచి 1.010 తీస్తే 0.040, దాన్ని 131తో గుణిస్తే ఐదుంపావు శాతం. పర్మనెంట్ మార్కరుతో మూతమీద రాయండి. నేను ప్రతి మూతమీద శాతం, తేదీ రాస్తాను. శాతం రాయని సీసా మా గరాజ్ దాటి బయటికి వెళ్ళదు, ఎంత దగ్గర స్నేహితుడు అడిగినా సరే. ఇంకో సలహా, మీ మొదటి ఏడాది 5 శాతం దాటే బీర్ల జోలికి వెళ్ళకండి. 4 శాతం బీరు రుచిగా చేయడం చాలా కష్టం, తప్పులన్నీ బయటపడతాయి. పని నేర్చుకోవాలంటే అదే చేయాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి, మీకు నచ్చకపోవచ్చు. ప్రతి రెండువారాలకీ 50 సీసాలు దిగే ఇంట్లో తాగడం పెరుగుతుంది. "నా చేతి బీరు" అనే ముచ్చట దానికి మంచి సాకు. ఇంటి బీరు ఆరోగ్యానికి మంచిదని చెప్పేవాళ్ళని నమ్మకండి. అడుగున ఉన్న ఈస్టు మడ్డిలో బి విటమిన్లు ఉండొచ్చు, కానీ ఆల్కహాలు ఆల్కహాలే, క్యాన్సరు కలిగించేవాటి మొదటి జాబితాలో దాన్ని పెట్టి చాలా ఏళ్ళయింది. మీరు చేయడానికి చేస్తున్నారా, తాగడానికి చేస్తున్నారా అని మీ ఇంట్లోవాళ్ళని అడగండి. మీకంటే వాళ్ళు కరెక్టుగా చెబుతారు. ఇంట్లో ఎవరైనా తాగుడు మానాలని కష్టపడుతుంటే ఈ హాబీ ఆ ఇంటికి పనికిరాదు. అక్కడ రొట్టెలు చేయండి, ఈస్టు అదే.

మన వాళ్ళు ఈ మాట వినగానే ఎందుకు చిట్లిస్తారో నాకు అర్థమవుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో ఎత్తేశారు. కూలి డబ్బులు ఇంటికి చేరకపోవడం చూసిన తరం అది. వాళ్ళ ముందు హాబీ అనే మాట వాడేటప్పుడు కొంచెం తగ్గి మాట్లాడటం మర్యాద.

ఇంకొక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది: "మేం విజయవాడలో ఉన్నాం, వరంగల్‌లో ఉన్నాం, చేసుకోవచ్చా?" చేసుకోకూడదు. మద్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. ఆంధ్రలో, తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఐదు లీటర్లే కదా, అమ్మడం లేదు కదా అనేవి దాంట్లో పనికొచ్చే వాదనలు కావు. మైక్రోబ్రూవరీలకి లైసెన్సులిస్తున్నారు కాబట్టి ఇంట్లో కూడా పర్లేదనుకోవద్దు. ఆసక్తి ఉంటే అక్కడికి వెళ్ళి ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్ళతో మాట్లాడండి, వాళ్ళు సంతోషంగా చెబుతారు. రాగి మాల్ట్‌తో ఆ 65 డిగ్రీల ప్రయోగం మాత్రం ఇంట్లో నిక్షేపంగా చేయొచ్చు, పులియబెట్టకుండా. గంజి పాకంగా మారడం పిల్లలకి చూపించండి.

ఆఖరుగా, మాల్ట్ వడకట్టాక మిగిలే పిప్పి గురించి. నాలుగున్నర కిలోల పొడిగింజ తడిసి ఎనిమిది తొమ్మిది కిలోలవుతుంది. పారబోయకండి. కోళ్ళున్నవాళ్ళకి ఇవ్వండి, కంపోస్టులో వేయండి. పల్చగా పరిచి ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, మిక్సీలో పిండి చేస్తే గోధుమపిండిలో ఐదో వంతు కలిపి చపాతీ చేసుకోవచ్చు. పీచు ఎక్కువ, కొంచెం గరగరలాడుతుంది, నాకైతే వంకాయ కూరతో బాగుంటుంది. అదే రోజు ఆరబెట్టాలి సుమా, మర్నాటికి కంపు కొడుతుంది. కానీ హాప్స్ పిప్పి వేరు. ఇంట్లో కుక్క ఉంటే ఆ హాప్స్ ముద్దని దానికి అందనివ్వకండి. కుక్కలకి హాప్స్ విషం. ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణం పోవచ్చు. తీపి వాసనకి అవి చెత్తబుట్టలో మూతి పెడతాయి. కవర్లో ముడివేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పడేయండి. ఒకవేళ తినేసి రొప్పుతుంటే పొద్దున్న చూద్దాంలే అనుకోకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి, ఏం తిన్నదో చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో నీళ్ళ గురించి. మీ ఊరి కుళాయి నీళ్ళలోని క్లోరిన్ బీరుని ఎలా పాడుచేస్తుందో చూద్దాం.